నాన్న బట్టతల మీద గరుకు మచ్చలు: క్యాన్సరేనా?

మీరు చెప్పింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు చూసుకుంటాను. మీ నాన్నగారికి 64 ఏళ్లు. ఫిరంగిపురం దగ్గర పల్లెలో నలభై ఏళ్లుగా మిర్చి, పత్తి వేస్తున్నారు. మనిషి మంచి తెలుపు. యాభై దాటేసరికే నడినెత్తి బట్టతల అయింది. రెండేళ్లుగా నుదుటి పైన, నడినెత్తిన నాలుగైదు చోట్ల, కుడి చెవి పై అంచున చర్మం గరుకుగా పెచ్చు కడుతోంది. గోటితో గీకితే ఊడుతుంది, పది పదిహేను రోజుల్లో మళ్లీ అక్కడే కడుతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే ఎరుపు తగ్గింది గానీ గరుకు పోలేదు. బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. చుట్టాల్లో ఎవరో "అది క్యాన్సర్‌లోకి దిగుతుంది" అన్నప్పటి నుంచి మీ అమ్మగారికి నిద్ర లేదు.

గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరుగా ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. అమ్మగారి కోసం ముందు ఒక మాట. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది ఎక్కువగా ఎండ వల్ల వచ్చే గరుకు మచ్చల్లా ఉంది. దీన్ని సోలార్ కెరటోసిస్ అంటాం, యాక్టినిక్ కెరటోసిస్ అన్నా అదే. ఇది క్యాన్సర్ కాదు. వీటిలో కొద్దిపాటివి మాత్రం ఏళ్ల తరబడి వదిలేస్తే క్యాన్సర్‌గా మారగలవు కాబట్టి చూపించుకుని తీయించుకోవాలి. ఈ రాత్రికి రాత్రే పరుగెత్తాల్సిన పని లేదు, అలాగని వచ్చే సంక్రాంతి దాకా ఆగకూడదు. రెండు మూడు వారాల్లో ఎవరైనా చర్మ డాక్టరుకు చూపించండి. చెవి మీద మచ్చ సంగతి కింద విడిగా చెబుతాను, అది కాస్త ముందు చూడాల్సినది.

మీరు పంపిన నాలుగు ఫొటోలూ శ్రద్ధగా తీసినవే, కానీ వాటితో నేను తేల్చి చెప్పలేను. ఈ జబ్బు కంటికంటే వేలికి ముందు దొరుకుతుంది. నా దగ్గరికి వచ్చిన పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టి, చూపుడు వేలు నుదుటి మీద నుంచి నడినెత్తి వైపు మెల్లగా జరుపుతాను. చర్మం నున్నగా జారుతూ జారుతూ ఉన్నట్టుండి ఒకచోట ఉప్పుకాగితం మీద పెట్టినట్టు వేలు ఆగుతుంది. అక్కడ కళ్లు పెట్టి చూస్తే లేత ఎరుపో, చర్మం రంగో, మన ఒంటి మీదైతే కొంచెం గోధుమ రంగో ఉన్న చిన్న పొలుసు కనిపిస్తుంది. చాలావరకు బియ్యపు గింజంత నుంచి చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఒక్కోసారి వేలికి తగిలినా కంటికి ఏమీ కనపడదు. పైకి కనిపించే మచ్చలు మూడుంటే తడిమితే తగిలేవి ఎనిమిది ఉండటం మామూలే. రేపు నాన్నగారు స్నానం చేసి వచ్చాక మీరే ఒకసారి తడిమి చూడండి. నుదురు, నడినెత్తి, చెవుల అంచులు, ముక్కు, చెంపల పైభాగం, ముంజేతులు, చేతుల వెనకవైపు చూడండి. దురద పెద్దగా ఉండదు. చెమట పట్టినప్పుడు చురుక్కుమందని, దువ్వెన తగిలినప్పుడు ముల్లు గుచ్చినట్టుందని కొందరంటారు.

ఇది ఎందుకొస్తుందో చెబుతాను. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం పై పొరలోని కణాల్లో డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ఒంట్లో దాన్ని బాగుచేసుకునే ఏర్పాటు ఉంది. బాగుపడని కణాన్ని చనిపోయేలా చేసే పి53 అనే జన్యువు కూడా ఉంది. ఏళ్ల తరబడి ఎండ తగిలితే కొన్ని కణాల్లో ఆ జన్యువే చెడిపోతుంది. చావాల్సిన కణం చావకుండా అడ్డదిడ్డంగా పెరిగి, పైన కెరటిన్ పెచ్చు కడుతుంది. గోటితో గీకితే పోయేది ఆ పెచ్చే. దాన్ని కట్టే కణాలు కింద అలాగే ఉంటాయి. అందుకే మళ్లీ అదే చోట వస్తుంది. పైగా ఇది నిన్నటి ఎండ చేసిన పని కాదు. చిన్నప్పుడు చేలో ఆడుకున్న ఎండ దగ్గర నుంచి అన్నీ కలిసి యాభై, అరవై ఏళ్లకు బయటపడతాయి.

మన ఎండ గురించి ఒక మాట చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ వేడికి మనం భయపడతాం, తెలివిగా నీడకు చేరతాం. కానీ చర్మాన్ని పాడుచేసేది వేడి కాదు, కిరణాలు. వేడి ఒంటికి తెలుస్తుంది, ఇవి తెలియవు. గుంటూరు, విజయవాడలు 16 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెం పైన ఉన్నాయి. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదకు వస్తాడు, నిలువు స్తంభానికి నీడ కూడా పడదు. ఆగస్టులో చల్లగా మబ్బు పట్టిందని తలగుడ్డ తీసేసే రైతును చాలామందిని చూశాను. పలుచటి మబ్బు వేడిని తగ్గిస్తుంది గానీ ఈ కిరణాలను అంతగా ఆపదు. మీ నాన్నగారి విషయంలో మిర్చి కల్లాన్నీ లెక్కలో వేసుకోవాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ ఆరబోసి, తిరగేసి, తాలు ఏరే పనంతా పొద్దున పది నుంచి సాయంత్రం దాకా వంగి చేసేదే. వంగిన మనిషికి ఎండ నేరుగా నడినెత్తిన, మెడ వెనక పడుతుంది. కొందరు "మిర్చి ఘాటు వల్ల వచ్చిందా" అని అడుగుతారు. మిర్చి ఘాటుకు చర్మం మండుతుంది, ఎర్రబడుతుంది. ఇలాంటి మచ్చలు మాత్రం రావు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఇంటర్నెట్‌లో ఈ జబ్బు గురించి చదివితే ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ తెల్లవాళ్ల ఫొటోలే ఎక్కువ. అక్కడ ఇది చాలా మామూలు. మన చర్మంలో ఉన్న మెలనిన్ సహజమైన గొడుగు కాబట్టి మన దగ్గర ఇది అరుదు. అందువల్ల గరుకు మచ్చతో వచ్చిన ప్రతి మనిషికీ నేను ముందు వేసుకునే ప్రశ్న "అసలు ఇది అదేనా" అని.

మన ఊళ్లలో దీన్ని పోలినవి చాలా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ కనిపించేది వయసుతో వచ్చే సెబోరిక్ కెరటోసిస్. గోధుమ, నలుపు రంగుల్లో మైనం ముద్ద అంటించినట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. దానితో ఏ ప్రమాదమూ లేదు. రెండోది పొలాల్లో పనిచేసేవాళ్లకు వయ్యారిభామ మొక్క వల్ల వచ్చే ఎగ్జిమా. ముఖం, మెడ, ముంజేతులు మందంగా, నల్లగా అయిపోతాయి, దురద రాత్రిళ్లు నిద్ర పోనివ్వదు, కనురెప్పలు, మోచేతి మడతలు కూడా పాడవుతాయి. దురద అంత విపరీతంగా ఉంటే నేను ముందు దాన్నే అనుమానిస్తాను. చెవి లోపలి దొప్పలో, చెంపల మీద మధ్యలో తెల్లగా గుంటపడి చుట్టూ నల్లటి అంచు ఉంటే అది లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు) జాతిది కావచ్చు. సరిగా తినకుండా తాగే అలవాటున్నవాళ్లకు ఎండ తగిలే చేతుల వెనక, మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పెచ్చులూడితే అది పెల్లాగ్రా, బి3 విటమిన్ లోపం. తామర, సోరియాసిస్ సరేసరి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది వేరే కథ, కుష్టు పరీక్ష చేయించాలి. ఇవన్నీ మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక్కోదానికి మందు ఒక్కోటి. ఒకదానికి పనికొచ్చే ట్యూబు ఇంకోదాన్ని ముదరబెడుతుంది.

మీ నాన్నగారి విషయంలో నేను ఎండ మచ్చల వైపే మొగ్గడానికి కారణాలున్నాయి. ఆయన తెలుపు, నెత్తిన జుట్టు లేదు, నలభై ఏళ్ల పొలం పని, మచ్చలన్నీ ఎండ తగిలే చోట్లే ఉన్నాయి, దురద లేదు, గీకినా అదే చోట మళ్లీ వస్తోంది. ఒంట్లో రంగే లేకుండా పుట్టినవాళ్లకు, అంటే ఆల్బినిజం ఉన్నవాళ్లకు, ఇవి ఇరవై, ముప్పై ఏళ్లకే మొదలవుతాయి. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఏ మచ్చా లేకపోయినా ఏడాదికోసారి చర్మం చూపించుకోవాలి.

క్యాన్సర్ మాటకొద్దాం. ఒక్కో మచ్చను విడిగా తీసుకుంటే ఏడాదిలో అది క్యాన్సర్‌గా మారే అవకాశం చాలా తక్కువ, ఎక్కువ అధ్యయనాల్లో వందకు ఒకటి కంటే తక్కువే. కొన్ని మచ్చలు ఎండకు దూరంగా ఉంటే వాటంతట అవే పోతాయి కూడా. కానీ తల మీద పది పన్నెండు మచ్చలు పదేళ్లు ఉంటే ఆ చిన్న అవకాశాలన్నీ కలుస్తాయి. ఏది మారుతుందో, ఏది ఊరుకుంటుందో ముందుగా ఏ డాక్టరూ చెప్పలేడు. అందుకే అన్నిటికీ వైద్యం చేస్తాం. మారినప్పుడు వచ్చేది స్క్వామస్ సెల్ క్యాన్సర్, చర్మం పై పొర కణాల్లో పుట్టే క్యాన్సర్. తొందరగా పట్టుకుంటే చిన్న ఆపరేషన్‌తో పూర్తిగా పోయే జబ్బు అది.

మచ్చ అడుగు గట్టిపడి గడ్డలా చేతికి తగలడం, నొక్కితే నొప్పి, కొద్ది వారాల్లోనే గబగబా పెరగడం, ఊరికే రక్తం రావడం, నాలుగు వారాలైనా మానని పుండు, పైన చిన్న కొమ్ములా మొలవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రెండు మూడు వారాలు కూడా ఆగకండి. దవడ కింద, చెవి వెనక బిళ్ల కట్టినా అంతే.

చెవి గురించి విడిగా చెబుతానన్నాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి ఏళ్లలో ఒక హమాలీ పెద్దాయన చెవి అంచున ఇలాంటి పెచ్చుతోనే వచ్చాడు. నేను ఎగ్జిమా అనుకుని స్టెరాయిడ్ క్రీము రాశాను. రెండు వారాలకు ఎరుపు తగ్గింది, ఇద్దరం సంతోషించాం. నాలుగు నెలలకు అదే చోట శనగగింజంత గట్టి బిళ్లతో తిరిగొచ్చాడు. ముక్క తీసి పంపితే క్యాన్సర్ అని వచ్చింది. చెవి అంచు కొంత తీసేయాల్సి వచ్చింది, ప్రాణానికి ఏమీ కాలేదు. నాలుగు నెలల ముందు నేను వేలితో నొక్కి చూసి, చిన్న ముక్క పరీక్షకు పంపి ఉంటే ఆ చెవి అలా పోయేది కాదు. అప్పటి నుంచి చెవి అంచున, కింది పెదవిన మచ్చ ఉంటే నేను దేన్నీ తేలిగ్గా తీసుకోను. ఈ రెండు చోట్ల వచ్చిన క్యాన్సర్ మిగతా చర్మం కంటే ఎక్కువగా మెడ, దవడ దగ్గరి లింఫ్ గ్రంథులకు పాకుతుంది. నాన్నగారికి చుట్టగానీ ఖైనీగానీ అలవాటుంటే కింది పెదవిని తప్పకుండా చూపించండి. పెదవి ఎప్పుడూ ఎండి పగిలినట్టుండి, పెదవికీ చర్మానికీ మధ్య గీత చెరిగిపోతుంటే అది చలికాలపు పగులు కాదు.

"ముక్క తీస్తే పాకుతుందట" అని నా దగ్గర కనీసం వారానికొకరు అంటారు. దయచేసి ఈ మాట మీ ఇంట్లో ఎవరు అన్నా నమ్మకండి. మత్తు సూది వేసి మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, ఒక కుట్టు వేస్తారు, పది నిమిషాల పని. దానివల్ల జబ్బు పాకదు. ఏ జబ్బో తెలియకుండా ఏళ్లు గడిపేస్తే మాత్రం పాకవచ్చు. పైగా ఎండ మచ్చలన్నిటికీ ముక్క తీయరు, అనుమానం ఉన్నదానికే తీస్తారు.

వైద్యానికి దారులు రెండు. విడివిడిగా నాలుగైదు మచ్చలుంటే లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం సులువు. అది మైనస్ 196 డిగ్రీల చల్లదనం. ఫ్లాస్కు మూత తీయగానే తెల్లగా పొగ కిందికి జారుతుంది, చూసి భయపడేవాళ్లున్నారు. మచ్చ మీద పది సెకన్ల పాటు కొడితే అక్కడ తెల్లగా మంచు కడుతుంది, కందిరీగ కుట్టినట్టు మంట ఉంటుంది. మర్నాటికి బొబ్బ లేస్తుంది, పక్కు కట్టి రెండు వారాల్లోపు రాలిపోతుంది. మన చర్మానికి ఒక చిక్కు ఉంది. చలికి రంగు కణాలు ముందు చస్తాయి కాబట్టి అక్కడ తెల్లమచ్చ మిగలవచ్చు. బట్టతల మీద పర్వాలేదు అనుకునేవాళ్లున్నారు, ముఖం మీదైతే బాధపడతారు. ఇది ముందే అడిగి తెలుసుకోండి. బొల్లి వచ్చిందని తర్వాత గాభరా పడక్కర్లేదు.

మచ్చలు ఎక్కువగా ఉండి, తడిమితే ఇంకా తగులుతుంటే ఆ ప్రాంతమంతా ఫైవ్ ఫ్లోరోయురాసిల్ 5 శాతం క్రీము వాడతాం. మామూలుగా రోజుకు రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. ఈ క్రీముతో జరిగేది ముందే తెలియకపోతే ఎవరైనా మధ్యలో మానేస్తారు. మొదటి వారం ఏమీ ఉండదు. రెండో వారంలో తల ఎర్రగా కందిపోతుంది, కంటికి కనిపించని మచ్చలు కూడా ఒక్కొక్కటి లేచి పచ్చిపుండులా అవుతాయి. "మందు పడలేదు" అని ఫోన్లు వచ్చేది సరిగ్గా అప్పుడే. అది మందు పనిచేస్తున్న గుర్తు. ఆపేశాక రెండు నాలుగు వారాల్లో నున్నగా మానుతుంది. అయితే మంట భరించలేనంతగా ఉన్నా, చీము పట్టినా డాక్టరుకు చూపించాలి. రాసిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కళ్లకు తగలనివ్వకూడదు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఆ ట్యూబు ముట్టుకోకూడదు. కోడలు మామగారికి మందు రాయడం మన ఇళ్లలో మామూలే కదా, అందుకే చెబుతున్నాను. ఇమిక్విమాడ్ క్రీము కూడా ఉంది. డైక్లోఫినాక్ 3 శాతం జెల్ కూడా వాడతారు, కానీ రెండు మూడు నెలలు పడుతుంది. ఇంట్లో కీళ్లనొప్పులకు రాసుకునే డైక్లోఫినాక్ జెల్ అది కాదు. పేరు ఒకటే కదా అని రాయకండి.

ఇప్పుడు వాడుతున్న ట్యూబును ఈరోజే ఆపండి. ఎరుపు తగ్గి గరుకు మిగిలిందంటే అది స్టెరాయిడ్ అయి ఉంటుంది. అది పైన మంటను అణిచి లోపలి జబ్బును దాచిపెడుతుంది, చర్మాన్ని పలచన చేస్తుంది. డాక్టరుకు కూడా మచ్చ అసలు రూపం కనపడదు.

బీపీ మాత్ర గురించి మీరు అడగలేదు, కానీ అడగాల్సిన విషయమే. స్ట్రిప్పు వెనక హైడ్రోక్లోరోథయజైడ్ అని ఉందేమో చూడండి. చాలా బీపీ మాత్రల్లో ఇంకో మందుతో కలిపి ఉంటుంది. ఇది చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది. దీన్ని ఏళ్ల తరబడి వాడేవాళ్లలో చర్మ క్యాన్సర్ ప్రమాదం కొద్దిగా పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో మందు లేబుల్ మీద చేర్పించింది. ఆ ప్రమాదం ముఖ్యంగా తెల్లవాళ్లలో కనిపించింది. ఉన్నట్టుండి మాత్ర మానేస్తే వచ్చే పక్షవాతం ముందు ఇది చాలా చిన్న ప్రమాదం. కాబట్టి మానేయవద్దు, బీపీ డాక్టరుకు ఈ మచ్చల సంగతి చెప్పి "వేరేది మార్చవచ్చా" అని అడగండి.

ఇక ఎండ నుంచి కాపాడుకోవడం. సన్‌స్క్రీన్ నిజంగా పనిచేస్తుంది. ఆస్ట్రేలియాలో నలభై ఏళ్లు దాటిన 588 మంది మీద ఒక్క వేసవిలో చేసి 1993లో ప్రచురించిన పరీక్షలో, రోజూ క్రీము రాసుకున్నవాళ్లకు కొత్త మచ్చలు తక్కువగా వచ్చాయి, ఉన్నవి కూడా కొన్ని మాయమయ్యాయి. ఎస్పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్నది తీసుకుని, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. నడినెత్తికి ఇంకొంచెం. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. కానీ కల్లంలో చెమట కారుతూ పనిచేసే మనిషికి ఇది సాగదని నాకు తెలుసు. ఆయనకు నేను గుడ్డనే నమ్మమంటాను.

పాతకాలం రైతుల తలపాగా గొప్ప మందు. ఐదారు మూరల గుడ్డ రెండు మూడు పొరలుగా నడినెత్తిన పడి, చెవులను కూడా సగం కప్పేది. ఇప్పుడు దాని స్థానంలో ముందుకు మాత్రమే అంచున్న టోపీ వచ్చింది. చెవులు, మెడ వెనక భాగం ఎండకు అప్పగించినట్టే. నాన్నగారికి టోపీ ఇష్టమైతే చుట్టూ మూడంగుళాల అంచున్నది తీసుకోండి, లేకపోతే ముదురు రంగు కండువా చెవుల మీదుగా చుట్టుకోమనండి. గుడ్డను వెలుతురుకు అడ్డం పట్టి చూడండి. అవతల వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఎండ కూడా అలాగే దిగుతుంది. పూర్తి చేతుల చొక్కా వేసుకోమనండి. గడియారం చూడటం కుదరకపోతే నీడను చూసుకోమనండి. తన నీడ తనకంటే పొట్టిగా ఉన్నంతసేపూ కిరణాలు బలంగా ఉన్నట్టే. కాయ తిరగేసే పని పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకుంటే సగం ఎండ తప్పుతుంది. అరవై నాలుగేళ్లకు ఇంకేం లాభం అనుకోవద్దు. కొత్త మచ్చలు రాకుండా ఆపడం ఆ వయసులోనూ సాధ్యమే.

గుంటూరు పెద్దాసుపత్రి చర్మ విభాగంలో చూపించినా, మీకు నమ్మకమున్న చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లినా సరే. వెళ్లేటప్పుడు బీపీ మాత్రల స్ట్రిప్పు, ఇప్పటిదాకా రాసిన ట్యూబు ఖాళీ అయినా సరే వెంట పట్టుకెళ్లండి. ఆ రోజు పొద్దున నాన్నగారిని తలకు కొబ్బరినూనె రాసుకోవద్దనండి. నూనె తలలో గరుకు వేలికి అందదు. చెవుల వెనక, కింది పెదవి, చేతుల వెనక కూడా చూడమని డాక్టరును మీరే అడగండి. అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆ డాక్టరు నోటితోనే వింటే ఆమెకు ఆ రాత్రి నిద్ర పడుతుంది.